తిరిగి మొలవడం, తిరిగి జన్మించడం



ఈ నెల ఆరోగ్య పాఠానికి మేము ఎంచుకున్న మాట "పునర్జననం". ఈ మాట ఆసుపత్రిలోను ఉంది, ఆలయంలోను ఉంది. నర్సింగు చదువులో దీన్ని రీజనరేషన్ అంటారు. పోయిన చర్మం, రక్తం, కణజాలం తిరిగి తయారుకావడం అని అర్థం. ఆదివారం ప్రసంగంలో "తిరిగి జన్మించుట" అని మనం వినే దానికి కూడా ఇంగ్లీషు పుస్తకాలలో వాడేది ఇదే మాట. మాట ఒకటే గనుక సంగతి కూడా ఒకటే అనుకునేవారు చాలామంది ఉన్నారు. అలా అనుకోవడం వల్ల నష్టం జరగడం డ్రెస్సింగ్ గదిలో మేము చూస్తున్నాము.

షుగర్ పుండు ముదిరి కాలి వేలు తీసేయవలసి వచ్చిన పెద్దాయన "ప్రార్థన చేస్తే వేలు మల్లా మొలుస్తాదా సిస్టరమ్మా?" అని అడుగుతారు. ఇంకొకరు "బాప్తిస్మం తీస్కున్న్యాను గదమ్మా, కొత్త మనిషినైనాను. ఇంక మాత్రలేంటికి?" అంటారు. మూడో రకంవారు ఏమీ అడగరు. గోడవైపు తిరిగి పడుకుంటారు. విశ్వాసం ఉంటే పుండు మానేది కదా, మానలేదంటే తనలోనే ఏదో లోపం ఉందన్నది వారి లోపలి బాధ. ఈ ముగ్గురినీ మనసులో పెట్టుకొని ఈ పాఠం రాస్తున్నాము.

యోబు చూసిన చెట్టు

యోబు గ్రంథం 14వ అధ్యాయంలో మన రైతు మాట్లాడినట్టే ఉండే మాటలు కొన్ని ఉన్నాయి. నరికిన చెట్టు గురించి యోబు ఆలోచిస్తాడు. మోడు ఎండిపోయినట్టే కనబడుతుంది గానీ కొంచెం నీటి వాసన తగిలితే చిగురిస్తుంది కదా అంటాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని వాన, కురిసే అనంతపురం జిల్లాలో ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. ఎండాకాలమంతా గడ్డిలాగ ఎండి పడి ఉన్న గరిక మొదటి వానకు పచ్చబడుతుంది. గట్టుమీద కొట్టేసిన వేప, కానుగ మొద్దుల చుట్టూ కొత్త కొమ్మలు గుంపుగా లేస్తాయి.

ఇది ఎలా జరుగుతుంది? చెట్టు బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. పైకొమ్మ ఉన్నంతకాలం అవి అణిగి ఉంటాయి. పైభాగం పోగానే వేరులో దాచిన ఆహారంతో అవి మేలుకుంటాయి. గరికకు కూడా అంతే, నేలలో ఉన్న కణుపులు బ్రతికి ఉంటాయి. అంటే ఏమీ లేనిచోట నుండి చిగురు రాలేదు. బ్రతికి ఉన్న మొగ్గ ఒకటి మిగిలి ఉంది, అక్కడ నుండి వచ్చింది. వేరుదాకా కాలిపోయిన చెట్టుకు బోరు నీళ్లన్నీ పారించినా చిగురు రాదు. బెరడు కింద ఇంకా పచ్చి ఉందా లేదా అని గోటితో గీరి చూస్తారు మన రైతులు. మేము పుండు దగ్గర చేసే పరీక్ష కూడా దాదాపు అదే.

అయితే యోబు అక్కడితో ఆగలేదు. చెట్టుకు ఈ ఆశ ఉంది గానీ మనిషికి ఇది లేదే అని ఏడ్చాడు. చాలా ప్రసంగాలలో మొదటి సగమే వింటాము. రెండో సగం కూడా చదవాలి. మనిషి చెట్టువంటివాడు కాడని దేహవిజ్ఞానం కూడా చెబుతుంది.

గోడమీది బల్లిని చూడండి. పట్టుకుంటే తోక వదిలేసి పోతుంది, కొన్ని వారాలకు మళ్లీ తోక వస్తుంది. ఆ కొత్త తోకలో వెనుకటిలాగ ఎముకల పూసలు ఉండవు, మెత్తటి మృదులాస్థి కడ్డీ ఒకటే ఉంటుంది. చూడటానికి తోకే, లోపల మాత్రం పాతదానితో సమానం కాదు. మనకు ఆ పాటి కూడా లేదు. చిన్నపిల్లల వేలి కొస తలుపు సందులో నలిగి తెగితే, గోరు మొదలు మిగిలి ఉన్నంతవరకు, కుట్లు వేయకుండా శుభ్రంగా కట్టుకట్టి ఉంచితే ఆ కొస చాలావరకు తిరిగి పెరుగుతుందని ఇంగ్లండులో ఒక వైద్యురాలు 1974లో రాశారు. అది పిల్లలకు, అదీ వేలి చివరకు మాత్రమే. వేలు మొత్తం పోయినచోట వేలు మొలవదు. పైన అడిగిన పెద్దాయనకు మేము ఈ సంగతి దాచకుండా చెబుతాము. ఆ తరువాత, మిగిలిన తొమ్మిది వేళ్లను ఎలా కాపాడుకోవాలో చెబుతాము. మాకు రెండోదే ముఖ్యం.

దేహంలో తిరిగి పెరిగేవి, పెరగనివి

మన దేహంలో కొన్ని భాగాలు ప్రతిరోజూ కొత్తవవుతూనే ఉంటాయి. పేగు లోపలి పొర నాలుగైదు రోజులలో మారిపోతుంది. అందుకే విరేచనాలు పట్టిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. నీళ్లు ఇస్తూ తిండి ఆపకూడదని, విరేచనాలు తగ్గినా జింకు మాత్రలు 14 రోజులు పూర్తిగా వేయాలని తల్లులకు చెబుతాము. పేగు పొర తిరిగి కట్టుకునేందుకు సరుకు కావాలి కదా. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది, ఆపైన ఎముక మూలుగలో తయారైన కొత్తది వస్తుంది. రక్తదానం చేసిన మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వవచ్చు అనే నియమం ఉంది. రక్తమిస్తే జన్మంతా నీరసం అని మన పల్లెల్లో ఇంకా భయపడేవారున్నారు. వారికి ఈ లెక్క చెప్పండి.

ఎముక చాలా మంచిది. మచ్చ వేసి సరిపెట్టదు, ఎముకతోనే అతుకుతుంది. మన రాయలసీమలో ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లేవారు ఎందరో ఉన్నారు. కట్టు అయినా మా ప్లాస్టరు అయినా ఎముకను అతికించదు. ఎముక తానే అతుక్కుంటుంది. సరైన వరుసలో, కదలకుండా పట్టి ఉంచడమే కట్టు పని. అందుకే ఎక్స్‌రే తీసి వరుస చూడకుండా ఎక్కడా కట్టించుకోవద్దని, చర్మం చీల్చుకుని ఎముక బయటికి వచ్చినదైతే నేరుగా ఆసుపత్రికే రావాలని మా మనవి.

నరాలు నిదానం. చేతికాళ్ల నరం తెగిగాని నలిగిగాని ఉంటే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున, అంటే నెలకు ఒక అంగుళం చొప్పున పెరుగుతుంది. మోచేతి దగ్గర దెబ్బ తగిలిన నరం చిటికెన వేలికి చేరడానికి ఎన్ని నెలలో మీరే లెక్క వేయండి. ఈలోగా ఆ చెయ్యికి వేడి తెలియదు, ముల్లు తెలియదు. దాన్ని కళ్లతో చూసి కాపాడుకోవాలి. మెదడు, వెన్నుపాము, గుండె కండరం దెబ్బతిన్నచోట దాదాపు మచ్చే మిగులుతుంది. క్షయ తిన్న ఊపిరితిత్తి భాగం మందులు పూర్తిగా వాడినా మచ్చగా మానుతుందే గానీ కొత్త ఊపిరితిత్తి రాదు. దగ్గు తగ్గగానే రెండు నెలలకే మాత్రలు ఆపేసేవారు దీన్ని ఆలోచించాలి.

కాలేయం విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని మంచితనాన్ని అలుసుగా తీసుకునేవారు ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నవారు కాలేయంలో సగానికి మించిన భాగాన్ని కన్నబిడ్డకో తోబుట్టువుకో ఇవ్వగలరు. ఇచ్చినవారిలో మిగిలిన ముక్క, పుచ్చుకున్నవారిలో పెట్టిన ముక్క, రెండూ కొన్ని నెలలలో దాదాపు సరిపడా పరిమాణానికి పెరుగుతాయి. గమనించండి, కోసిన భాగం మొలవదు, మిగిలిన భాగమే పెద్దదవుతుంది. ఇంత శక్తి ఉన్న అవయవం కూడా ఏళ్ల తరబడి సారాయిలో నానితే ఓడిపోతుంది. మొదట కొవ్వు పడుతుంది. ఆ దశలో తాగుడు మానితే కాలేయం చాలావరకు కోలుకుంటుంది. మానకపోతే లోపల మచ్చ మీద మచ్చ పడి గట్టిపడుతుంది, దాన్ని సిర్రోసిస్ అంటారు. అప్పుడు పెరిగే కణాలు కూడా మచ్చల మధ్య చిక్కి గడ్డలు గడ్డలుగా పెరుగుతాయి, పని చేయవు. కడుపులో నీరు చేరి మా దగ్గరకు వచ్చే మగవారిలో ఎక్కువమంది ఆ దశలోనే వస్తారు. వారి భార్యలు అయిదారేళ్ల కిందటే వారిని తీసుకురావాలని ప్రయత్నించి ఉంటారు.

హైదరాబాదులో కంటికి దొరికిన విత్తనం

పోయిన కణజాలాన్ని మళ్లీ పెంచడంలో మన తెలుగు నేలమీదే జరిగిన ఒక గొప్ప పని ఉంది. హైదరాబాదులో సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి పేరిట, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన నేత్ర వైద్య సంస్థలో జరిగింది.

కంటి నల్లగుడ్డు ముందు గడియారపు అద్దంలాంటి పారదర్శక పొర ఉంటుంది, దాన్ని కార్నియా అంటారు. దాని పైపొర వారం పది రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది. ఆ కొత్త కణాలు ఎక్కడనుండి వస్తాయి? నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున సన్నని ఉంగరంలాగ ఉన్న చోటు నుండి వస్తాయి. ఆ అంచు పేరు లింబస్. అక్కడ మూలకణాలు ఉంటాయి. మోడు చుట్టూ నిద్రపోయే మొగ్గలు అన్నామే, కంటికి అవి ఇవే.

కంట్లో సున్నం, యాసిడ్ వంటివి పడితే కాలేది కార్నియా ఒక్కటే కాదు, ఈ అంచు కూడా కాలిపోతుంది. అప్పుడు తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకుతాయి. మనవాళ్లు కంట్లో పువ్వు వేసిందంటారు. ఇలాంటి కంటికి చనిపోయినవారు దానం చేసిన కార్నియాను కుట్టినా కొన్నాళ్లకే అదీ మసకబారుతుంది. పైన అద్దం మార్చారు గానీ, దాన్ని రోజూ కొత్తగా ఉంచే మొగ్గలు అక్కడ లేవు.

1997లో ఇటలీ వైద్యులు మంచి కంటి అంచునుండి కొన్ని కణాలు తీసి, ప్రయోగశాలలో పొరగా పెంచి, కాలిన కంటిమీద పరచి చూపించారు. హైదరాబాదు సంస్థలో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి మొదలైనవారు 2001 నుండి ఈ చికిత్సను మన పేదలకు అందేలా చేశారు. అయితే ప్రయోగశాల ఖర్చు ఎక్కువ, అలాంటి గది అన్ని ఊళ్లలో ఉండదు. అందుకని డాక్టర్ సాంగ్వాన్, ఆయన తోటివారు ఇంకొక మార్గం కనిపెట్టి 2012లో ప్రకటించారు. మంచి కంటి అంచునుండి రెండు మిల్లీమీటర్ల చదరం ఉండే చిన్న ముక్కను తీస్తారు. దాన్ని ఎనిమిది, పది తునకలుగా కోస్తారు. కాలిన కంటిని శుభ్రపరచి, దానిమీద ఒక పలుచని పొర అంటించి, ఆ తునకలను దానిమీద వరుసగా నారు నాటినట్టు పెడతారు. ప్రయోగశాల అక్కరలేదు. ఒకే ఆపరేషనులో, అదే గదిలో అయిపోతుంది. ఒక్కొక్క తునక చుట్టూ పాకి, కొన్ని వారాలలో కన్ను మొత్తానికి కొత్త పొర కప్పుకుంటుంది. ఈ విధంగా చికిత్స పొందిన 125 మంది వివరాలను 2016లో ప్రచురించారు. వారిలో దాదాపు సగం మంది పిల్లలే. 95 మందిలో కొత్త పొర నిలిచింది. మిగిలిన 30 మందిలో నిలవలేదు. అది కూడా వారు దాచలేదు.

తునకలు నాటే ఆ పలుచని పొర ఏమిటో తెలుసా? బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు ఉమ్మనీటి చుట్టూ ఉండే సంచి పొర. కాన్పయ్యాక మాయతోపాటు పారవేసేదే. తల్లి రక్తాన్ని పరీక్షించి, సిజేరియన్ కాన్పులలో దాన్ని భద్రంగా తీసి ఉంచుతారు. దానిమీద కణాలు సుళువుగా పాకుతాయి, వాపు తక్కువగా ఉంటుంది. కాన్పు గదిలో ఏళ్ల తరబడి ఆ పొరను బకెట్లో వేసిన మాకు ఇది చదివినప్పుడు కొంచెంసేపు మాట రాలేదు.

ఇంకొక సంగతి. రెండు కళ్లూ కాలిపోయినవారికి ఏం చేస్తారు? వారి దగ్గర తీయడానికి మంచి అంచు ఏమీ మిగలలేదు. అప్పుడు రక్తసంబంధుల కంటినుండి గాని, చనిపోయినవారు దానం చేసిన కంటినుండి గాని తేవాలి. అది ఇంకొకరిది గనుక దేహం దాన్ని పరాయిదని తోసివేయాలని చూస్తుంది. తోసివేయకుండా ఉండటానికి ఎక్కువకాలం మందులు వాడాలి. ఈ ముక్కను కొంచెం గుర్తుంచుకోండి.

నీకొదేము అడిగినది

యోహాను సువార్త 3వ అధ్యాయంలో నీకొదేము రాత్రివేళ ప్రభువు దగ్గరకు వచ్చాడు. క్రొత్తగా జన్మించాలని ప్రభువు చెప్పగానే అతడు అడిగినది వైద్యుని ప్రశ్నే. ముసలివాడు తల్లి గర్భంలోకి మళ్లీ ఎలా పోగలడు అన్నాడు. నవ్వవలసిన పని లేదు. మన రోగులు అడిగేది కూడా ఇటువంటి ప్రశ్నే. ఆత్మ సంగతి చెప్పినప్పుడు దేహాన్ని పట్టుకుని అడగడం మనిషికి సహజం.

ప్రభువు వాడిన మాటకు గ్రీకు భాషలో రెండు అర్థాలున్నాయని పండితులు చెబుతారు. ఒకటి "మరల", రెండవది "పైనుండి". నీకొదేము మొదటి అర్థాన్ని పట్టుకున్నాడు, ప్రభువు రెండవదాన్ని వివరించాడు. మా పాఠమంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది. దేహంలో పునర్జననం ఎప్పుడూ మిగిలినదానినుండే వస్తుంది. మిగిలిన మొగ్గ, మిగిలిన అంచు, మిగిలిన కాలేయం ముక్క. లేఖనం చెప్పే పునర్జననం మనలో మిగిలిన మంచినుండి పెరిగేది కాదు. రెండు కళ్లూ కాలినవానికి వచ్చినట్టు ఇంకొకరి దగ్గరనుండి, పైనుండి రావాలి. దాన్ని పరాయిదని తోసివేయాలనే స్వభావం మనలో ఎంత బలంగా ఉందో మనకు తెలుసు. పోలిక ఇంతవరకే. ఇంతకుమించి లాగితే తెగుతుంది. దేవుని వాక్యాన్ని వివరించే పని పాస్టరుగార్లది.

మన పరిశుద్ధ గ్రంథంలో తీతు పత్రిక 3వ అధ్యాయంలో ఒక మనిషి మార్పుకు "పునర్జన్మ" అనే మాట వాడబడింది. మత్తయి 19వ అధ్యాయంలో లోకమంతా కొత్తదయ్యే దినాన్ని గురించి "పునర్జననము" అని ఉంది. గ్రీకులో రెండుచోట్లా ఒకే మాట, క్రొత్త నిబంధన అంతటిలో ఆ రెండుచోట్లనే కనబడుతుంది. మన ఇరుగుపొరుగువారు పునర్జన్మ అంటే చనిపోయి మరో దేహంలో పుట్టడం అని అర్థం చేసుకుంటారు. వారితో మాట్లాడేటప్పుడు ఈ సంగతి విడమరచి చెప్పడం మర్యాద. లేకపోతే ఒకే మాటతో ఇద్దరూ వేరువేరు సంగతులు మాట్లాడుకుంటూ ఉంటారు.

ఈ రెండుచోట్ల మధ్య మన రోగులు నిలబడి ఉన్నారు. లోపలి మనిషి మార్పు ఇప్పుడే. దేహము, లోకము పూర్తిగా కొత్తవి కావడం ఆ దినాన. ఈ మధ్యకాలంలో బయటి మనిషి కృశిస్తూ ఉండగానే లోపలి మనిషి రోజురోజుకు నూతనమవుతాడని పౌలు కొరింథీయులకు రాశాడు. కృశించడం ఆగిపోతుందని రాయలేదు. అదే పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది తీయబడలేదు. అతడు విశ్వాసం లేనివాడా? గోడవైపు తిరిగి పడుకున్న అమ్మకు మేము చెప్పేది ఇదే. నీ పుండు మానకపోవడానికి నీ చక్కెర, నీ రక్తప్రసరణ, నీ కాలిమీద పడే బరువు కారణాలు. నీ ప్రార్థనలో లోపం కారణం కాదు. అలా అని ఎవరైనా మంచం దగ్గరకు వచ్చి చెబితే, సందర్శన వేళ అయిపోయిందని మేము చెబుతాము.

పునరుత్థానుడైన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి, తోమా చూశాడు. మేము మచ్చలతో పనిచేసేవారం గనుక ఈ సంగతి మాకు చాలా ఇష్టం. మచ్చ ఉండటం కొత్త జీవితానికి అడ్డం కాదు.

వజ్రకరూరులో ఉన్నవారం గనుక ఇంకొక మాట. మన నేల కింద వంద కోట్ల ఏళ్ల కిందట పైకి ఉబికిన కింబర్లైటు రాయి ఉంది. తొలకరి వాన పడగానే ఎక్కడెక్కడివారో వచ్చి చేలల్లో వంగి వజ్రాలు వెదుకుతారు. వజ్రానికి అంచు విరిగితే ఇంకో వంద కోట్ల ఏళ్లకైనా పూడదు. యూదా ప్రజల పాపం వారి హృదయపు పలకమీద వజ్రపు మొనతో చెక్కినట్టు ఉందని యిర్మీయా అన్నాడు. యెహెజ్కేలు అయితే రాతి గుండె తీసి మాంసపు గుండె ఇచ్చే వాగ్దానం చెప్పాడు. రాయికి నొప్పి లేదు, గాయం లేదు, మానడమూ లేదు. షుగరు వల్ల స్పర్శపోయిన పాదం కూడా అంతే. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, అందుకే పుండు పడుతుంది. నొప్పి తెలియడం మొదలైందని ఒక రోగి ఫిర్యాదు చేస్తే మేము లోపల సంతోషపడతాము.

నీకొదేము సంగతి ముగించాలి. 3వ అధ్యాయంలో అతడు చీకట్లో వచ్చాడు. 7వ అధ్యాయంలో పెద్దల సభలో ప్రభువు పక్షాన ఒక్క మాట అన్నాడు. 19వ అధ్యాయంలో బోళము, అగరు తెచ్చి, ప్రభువు దేహాన్ని నారబట్టలతో చుట్టాడు. చనిపోయినవారిని శుభ్రం చేసి గుడ్డ చుట్టే పని ఎంత బరువైనదో నర్సులకు తెలుసు. అతడు ఎప్పుడు తిరిగి జన్మించాడో యోహాను చెప్పలేదు. అతని చేతులు ఏం చేశాయో చెప్పాడు.

మరి మాత్రలు?

బాప్తిస్మం తరువాత మాత్రలెందుకని అడిగిన ఆయనకు జవాబు. క్లోమగ్రంథిలో ఇన్సులిన్ చేసే కణాలు బాప్తిస్మపు నీటిలో తిరిగి మొలవవు. పిల్లల్లో వచ్చే రకం షుగరులో ఆ కణాలు దాదాపు పోయి ఉంటాయి, ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ ఆపినా ప్రాణానికే ప్రమాదం. పెద్దల్లో వచ్చే రకంలో మాత్రలు ఆపిన మొదటి వారాలలో ఏమీ తెలియదు. అందుకే అది మోసం చేస్తుంది. మూర్ఛ మందు, బి.పి. మందు కూడా సొంతంగా ఆపవద్దు. ఆపాలనిపిస్తే డాక్టరుగారిని అడిగి, పరీక్ష చేయించి, ఆయన ఆపమంటే ఆపండి. దానికోసం ప్రార్థన చేయించుకుంటే తప్పు లేదు, మేమూ కలిసి చేస్తాము. కొత్త మనిషి అయ్యాడని దేనివల్ల తెలుస్తుందంటే, తాగుడు మానడం, భార్యమీద చెయ్యి ఎత్తకపోవడం, మాత్రలు వేళకు వేసుకోవడం వల్ల అని మా అభిప్రాయం.

పుండు ఉన్నవారికి. పుండు లోపల దానిమ్మ గింజల్లాగ ఎర్రగా, తడిగా కండ కనబడితే మంచి గుర్తు. అంచుల చుట్టూ పలుచగా, లేత గులాబి రంగులో కొత్త చర్మం పాకుతూ వస్తుంది. అది నారువంటిది. దానిమీద పసరు, బూడిద, పేడ, కాఫీపొడి, టూత్‌పేస్టు పెట్టకండి. రోజూ స్పిరిటు పోసి మంట పుట్టించకండి, ఆ మంటలో చచ్చేది కొత్త కణాలే. అంటుకున్న గుడ్డను ఎండగానే లాగకుండా సెలైనుతో తడిపి తీయండి. గుడ్డు, పప్పు, పాలు, ఆకుకూర తినండి. పుండున్నవారికి పత్యమని మజ్జిగన్నమే పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గోడ కట్టే మేస్త్రీకి ఇటుకలు ఇవ్వకుండా కట్టమన్నట్టే అది. పాదంలో పుండైతే ఆ కాలిమీద బరువు పెట్టకండి. చేనికి పోకుండా ఎలా అంటారు, మాకు తెలుసు. అయినా ఆరు వారాలు ఇంటివారెవరైనా ఆ పని చూసుకుంటే కాలు దక్కుతుంది.

ఇక కంటి విషయం, ఇది ఇంట్లో అందరూ చదవాలి. క్రిస్మస్‌కు, సంక్రాంతికి ఇళ్లకు వెల్ల వేసే వేళ సున్నపు రాళ్లను నీళ్లలో వేస్తే కుతకుతమని ఉడికి చిమ్ముతాయి. పిల్లలు వంగి చూస్తారు. వారిని ఆ దగ్గరకు రానివ్వకండి, వెల్ల వేసేవారు కళ్లద్దాలైనా పెట్టుకోండి. తాంబూలపు సున్నం డబ్బా, చిన్న ప్యాకెట్లు పిల్లలకు అందనిచోట ఉంచండి. జిల్లేడు పాలు కూడా కంటికి చాలా చెడ్డవి, ఆ ఆకులు తుంచిన చేత్తో కళ్లు నలపవద్దు.

ఒకవేళ కంట్లో పడితే, వెంటనే, అక్కడే నీళ్లు పోయండి. ఆసుపత్రికి వచ్చి కడిగించుకుందామని ఆగవద్దు. దారిలో పోయే అరగంటలో అంచు కాలిపోతుంది. రెప్పలు చేతితో విడదీసి పట్టుకుని, తల పక్కకు వంచి, మంచినీళ్లు ధారగా కనీసం అరగంట పోయండి. రెప్ప కింద సున్నపు పలుకు కనబడితే తడిపిన శుభ్రమైన గుడ్డ కొసతో తీసి, మళ్లీ పోయండి. ఆముదం, చనుబాలు, ఆకు పసరు, నిమ్మరసం, ఏదీ వేయవద్దు. మన ఊళ్లలో ఒక బిందె నీళ్ల విలువ ఏమిటో మాకు తెలుసు. ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడి తెచ్చినవైనా, ఇంట్లో ఉన్న బిందెలన్నీ ఆ కంటికే ఖర్చుపెట్టండి. వెల్ల వేసే రోజు ఒక నిండు బిందె, చెంబు పక్కనే పెట్టుకుని పని మొదలుపెట్టండి. కడిగిన తరువాత నలపకుండా, గట్టిగా కట్టు కట్టకుండా తీసుకురండి. వచ్చేటప్పుడు కంట్లో పడినదాని డబ్బా గాని పొట్లం గాని వెంట తెండి. రాత్రయినా, పండుగ దినమైనా క్యాజువాలిటీలో సిస్టరు ఉంటారు.